పెంపుడు టరాంటులా సాలీళ్లలో కుబుస విసర్జనకు ముందు కనిపించే ప్రవర్తన – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

టరాంటులా జాతుల పెద్ద సాలీళ్లు కుబుసం విడవడానికి కొన్ని వారాల ముందు నుంచి ఆహారం మానేస్తాయి, కదలిక తగ్గిస్తాయి, ఉదరం రంగు మారుతుంది, చివరికి పట్టుపోగులతో పరుపు అల్లుకొని దానిపై వెల్లకిలా పడుకుంటాయి. పెంచేవారు ఈ లక్షణాలను రోగంగానో మరణంగానో భ్రమపడడం, ఆ భ్రమలో చేసిన సహాయం వల్ల సాలీడు నిజంగానే మరణించడం తరచు జరిగేవే. ఈ లక్షణాల వెనుక ఉన్న శరీరధర్మాన్ని వివరించి, ఏ లక్షణం ఎంతవరకు నమ్మదగినదో నిర్ణయించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌కు మాత్రమే చెందిన గుత్తి సాలీడుకు ఈ విషయంతో ఉన్న సంబంధాన్ని చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: టరాంటులా, కుబుసం, బాహ్యాస్థిపంజరం, ఉపవాసం, రక్తశోషరసం, దురదరోమాలు, పట్టుపురుగు, గుత్తి సాలీడు.

1. ఉపోద్ఘాతం:

గాజుపెట్టెలో పెంచుతున్న సాలీడు నెల రోజులుగా ఏమీ తినలేదు. మూలకు చేరి కదలకుండా ఉంది. ఒక ఉదయం చూసేసరికి వెల్లకిలా పడి, కాళ్లు పైకి చాచి ఉంది. చచ్చిపోయిందనుకొని దాన్ని తీసి పారేయడం, లేదా బతికించాలన్న ఆత్రంతో బోర్లా తిప్పి నీళ్లు చల్లడం కొత్తగా పెంచేవారికి సహజంగా తోచే పనులు. రెండూ ప్రమాదకరమైనవే. ఆ సాలీడు చావడం లేదు, పాత చర్మం విడవడానికి సిద్ధమవుతోంది. నిజానికి చనిపోయిన టరాంటులా సాధారణంగా వెల్లకిలా పడదు. బోర్లా ఉండి, కాళ్లన్నీ శరీరం కిందికి ముడుచుకుపోతాయి. ఈ తేడాకు కారణం సాలీడు కాలి నిర్మాణంలోనే ఉంది. దాన్ని ఆరవ భాగంలో చూడవచ్చు.

2. పేర్లు, పరిభాష:

టరాంటులా అనే మాట ఇటలీ దక్షిణభాగంలోని టరాంటో పట్టణం పేరు నుంచి వచ్చింది. మొదట అది అక్కడి ఒక తోడేలు సాలీడుకు పేరు. ఐరోపా వలసదారులు అమెరికా ఖండాల్లో రోమాలతో నిండిన భారీ సాలీళ్లను చూసి, తమకు తెలిసిన పెద్ద సాలీడు పేరునే వాటికీ పెట్టారు. ఇప్పుడు శాస్త్రవ్యవహారంలో టరాంటులా అంటే థెరఫోసిడే కుటుంబానికి చెందిన సాలీడు. ఈ కుటుంబంలో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి.

చర్మం విడిచే ప్రక్రియకు పాఠ్యపుస్తకాల్లో నిర్మోచనం అనే సంస్కృతపదం కనిపిస్తుంది. వాడుకలో ఉన్న మాట కుబుసం. తెలుగువారికి కుబుసం అనగానే పాము గుర్తుకువస్తుంది గాని, సాలీడు కుబుసానికీ పాము కుబుసానికీ పోలిక పైపైదే. పాము విడిచేది చర్మపు పైపొరను మాత్రమే, దాని ఎముకలు లోపల భద్రంగా ఉంటాయి. సాలీడుకు చర్మమే అస్థిపంజరం. కాబట్టి అది విడిచేది తన ఎముకల గూటినంతటినీ అని చెప్పాలి. కోరలు, కళ్లపై పారదర్శకమైన పొర, గొంతు, పీల్చే జఠరం లోపలి పూత, పుస్తకాకార ఊపిరితిత్తుల అరల పలుచని పొర కూడా ఆ కుబుసంతో పాటే ఊడి వస్తాయి.

సాలీడుతో నిజంగా పోల్చదగిన ప్రాణి తెలుగునాట ఇంకొకటి ఉంది. పట్టుపురుగు గూడు కట్టేలోగా నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. హిందూపురం ప్రాంతపు పట్టురైతులు ఈ దశను జ్వరం అంటారు. మొదటి జ్వరం, రెండో జ్వరం అని లెక్కపెడతారు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది గనుక ఆ పేరు సార్థకమే. అయితే ఆ జ్వరానికి మందు వేయకూడదని రైతుకు తెలుసు. ఆకు ఆపేస్తాడు, పడక పొడిగా ఉండేందుకు సున్నం చల్లుతాడు, పురుగులు దాదాపు అన్నీ లేచేదాకా మళ్లీ మేత వేయడు. టరాంటులా పెంపకందారులు పొరపాట్ల మీద పొరపాట్లు చేసి నేర్చుకొన్న పాఠంలో చాలా భాగం ఈ పద్ధతిలో ఎప్పటినుంచో ఉంది.

3. చర్మం కింద జరిగే మార్పులు:

సాలీడు శరీరం రెండు భాగాలు. ముందున్న శిరోవక్షానికి గట్టి కవచం ఉంటుంది, ఎనిమిది కాళ్లూ కోరలూ దానికే అతికి ఉంటాయి. వెనుక ఉన్న ఉదరం మెత్తని సంచి. తిన్నకొద్దీ ఉదరం సాగుతుంది, శిరోవక్షం మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. కైటిన్, ప్రోటీన్లతో గట్టిపడిన కవచానికి సాగే గుణం లేదు. పెరగాలంటే పాత కవచం వదిలి, ఇంకా మెత్తగా ఉన్న కొత్తదాన్ని ఉబ్బించుకోవాలి. పిల్లసాలీడు నెలకో రెండు నెలలకో ఒకసారి, పెరిగిన ఆడ సాలీడు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఈ పని చేస్తుంది.

దీన్ని నడిపించేవి ఎక్డైస్టిరాయిడ్లనే హార్మోన్లు. ఈ వర్గంలో మొదటిదైన ఎక్డైసోన్‌ను 1954లో అడాల్ఫ్ బ్యుటెనాంట్, పీటర్ కార్ల్‌సన్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు పట్టుపురుగు ప్యూపాల నుంచే వేరుచేశారు. 500 కిలోల ప్యూపాల నుంచి వారికి దక్కింది 25 మిల్లీగ్రాములు. కీటకాల్లోనూ సాలీళ్లలోనూ ఈ హార్మోన్ల పని ఒకే తీరుగా సాగుతుంది. రక్తశోషరసంలో వాటి పరిమాణం పెరిగినప్పుడు చర్మకణాల పొర పాత కవచం నుంచి విడివడుతుంది. మధ్య ఏర్పడిన సందులోకి నిర్మోచనద్రవం స్రవిస్తుంది. అందులోని ఎంజైములు పాత కవచపు లోపలి పొరలను కరిగిస్తాయి, కరిగిన పదార్థాన్ని శరీరం తిరిగి పీల్చుకొంటుంది. అదే సమయంలో కింద కొత్త కవచం, దానిపై కొత్త రోమాలు తయారవుతాయి.

అంటే బయటికి ఏ మార్పూ కనిపించని వారాల్లో సాలీడు రెండు చర్మాలతో జీవిస్తూ ఉంటుంది. పైచర్మం రోజురోజుకూ పలచబడుతోంది, లోపలిచర్మం ఇంకా గట్టిపడలేదు. ఈ స్థితిలో వేటాడడం, పోట్లాడడం, దూరం నడవడం అన్నీ ప్రమాదమే. కుబుసానికి ముందు కనిపించే ప్రవర్తన అంతా ఈ ఒక్క విషయం నుంచి అర్థం చేసుకోవచ్చు.

4. ఉపవాసం, మాంద్యం:

అందరూ మొదట గమనించే లక్షణం ఆహారం మానేయడం. నిన్నటిదాకా కీచురాయిపై దూకిన సాలీడు నేడు అది కాలికి తగిలితే వెనక్కి జరుగుతుంది. పిల్లల్లో ఈ ఉపవాసం కొద్దిరోజులే, పెద్దవాటిలో వారాలు, నెలలు. గొంతు, జఠరం లోపలి పూత కూడా ఊడవలసినదే గనుక తినకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాని అందరూ గమనించే ఈ లక్షణమే అన్నిటికన్నా బలహీనమైన సాక్ష్యం. టరాంటులాలు తినకపోవడానికి కారణాలు అనేకం. చలికాలం, కొత్తచోటికి మార్చడం, గర్భం, అతిగా తిన్న కడుపు, వీటిలో ఏదైనా కావచ్చు. చిలీ దేశపు గులాబీరంగు టరాంటులా కుబుసంతో సంబంధం లేకుండానే నెలల తరబడి ఉపవాసం ఉండడంలో పేరు పొందింది. యౌవనదశకు చేరిన మగసాలీడు ఆహారంపై ఆసక్తి కోల్పోయి, జత కోసం పెట్టెలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది, దానికి ఇక కుబుసమే లేదు. కాబట్టి ఉపవాసాన్ని ఒంటరిగా కాక, ఉదరం ఆకారంతో కలిపి చూడాలి. కుబుసానికి సిద్ధమైన సాలీడు తినకపోయినా ఉదరం నిండుగా, బిగువుగా, కొంత మెరుస్తూ ఉంటుంది. ఉదరం ముడతలుపడి చిన్నదవుతూ ఉంటే అది నీటికొరతకో జబ్బుకో గుర్తు. అప్పుడు ఎదురుచూడడం తప్పు.

మాంద్యం గురించి కూడా ఇంతే. నడక నెమ్మదిస్తుంది, కాళ్లు తడబడతాయి, వెలుగు పడితే తప్పుకొంటుంది. నేలలో బొరియ చేసుకొనే జాతులు వాకిలిని మట్టితోనూ పట్టుతోనూ మూసేస్తాయి. చెట్లపై ఉండేవి తమ పట్టుగొట్టాన్ని మందంగా అల్లుకొని లోపలే ఉండిపోతాయి. వాకిలి మూసుకొన్న సాలీడు ఏమైందో చూడాలని బొరియ తవ్వడం పెంపకందారులు చేసే పొరపాట్లలో బహుశా అతి పెద్దది. సాలీడు తానే తలుపు వేసుకొందంటే దానికన్నా స్పష్టమైన సమాధానం ఇంకేముంటుంది?

5. ఉదరంపై మచ్చ:

అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి ఉదరంపై దురద పుట్టించే సన్నని రోమాలు ఉంటాయి. భయపడినప్పుడు వెనుక కాళ్లతో వాటిని రాల్చి శత్రువు ముఖంపైకి చిమ్ముతాయి. రాల్చిన చోట ఉదరంపై బట్టతలలాంటి ఖాళీ ఏర్పడుతుంది. రాలినవి కుబుసానికి మధ్యకాలంలో మళ్లీ మొలవవు. అందువల్ల ఆ ఖాళీ పెంపకందారుకు ఒక కిటికీలా పనికివస్తుంది.

మామూలు రోజుల్లో ఆ చోట చర్మం జాతిని బట్టి గులాబీరంగులోనో లేత గోధుమరంగులోనో ఉంటుంది. కుబుసం దగ్గరపడేకొద్దీ బూడిదరంగుకు తిరిగి, చివరికి నల్లబడుతుంది. ఇది గాయం కాదు, కుళ్లు కాదు. పాతచర్మం కింద కొత్త చర్మంపై ఒత్తుగా మొలిచి అణగి ఉన్న నల్లని రోమాలు, పలచబడిన పాతపొర గుండా కనిపిస్తున్నాయి. మెక్సికో దేశపు ఎర్రమోకాళ్ల టరాంటులాలో ఈ మార్పును దీపం అక్కరలేకుండానే గమనించవచ్చు. పైన చెప్పిన ఉపవాసంతో పోలిస్తే ఇది ఎంతో గట్టి సాక్ష్యం. ఎందుకంటే ఇది సాలీడు మనఃస్థితిని కాక, చర్మం కింద నిజంగా తయారైన వస్తువును చూపుతోంది.

అయితే ఈ సాక్ష్యానికీ పరిమితులు ఉన్నాయి. ఒక్కసారి కూడా రోమాలు రాల్చని శాంతస్వభావం గల సాలీడుకు కిటికీయే ఉండదు. ఉదరచర్మం పుట్టుకతోనే నల్లగా ఉండే జాతుల్లో తేడా తెలియదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఆసియా, ఆఫ్రికా ఖండాల టరాంటులాలకు దురదరోమాలే లేవు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో అధికభాగం అమెరికా జాతులను దృష్టిలో పెట్టుకొని రాసినవి. వాటిని చదివి భారతీయ జాతిలో నల్లమచ్చ కోసం వెతికేవారు ఎంతకాలం వెతికినా ప్రయోజనం ఉండదు. ఈ జాతుల్లో గమనించవలసినది మొత్తం రంగు మందగించడం, రోమాలు వెలిసి దుమ్ముపట్టినట్లు కనిపించడం.

6. పట్టుపరుపు, వెల్లకిలా పడుకోవడం:

చివరి ఒకటి రెండు రోజుల్లో సాలీడు నేలపై దట్టమైన పట్టుపరుపు అల్లుతుంది. దక్షిణ అమెరికాలోని గోలియత్ టరాంటులా ఈ పరుపులో తన దురదరోమాలను కూడా కలిపి అల్లుతుందని శామ్యూల్ మార్షల్, జార్జ్ యూట్జ్ 1990లో వివరించారు. సాలీడు కదలలేని గంటల్లో దానిపైకి పాకివచ్చే ఈగ లార్వాలకు ఆ పరుపే ముళ్లకంచె. తాను నిస్సహాయురాలు కాబోతున్నానని సాలీడుకు తెలుసు అనడం శాస్త్రభాష కాదు. కాని ప్రవర్తన మాత్రం అచ్చంగా అలాగే ఉంటుంది.

తర్వాత అది పరుపుపై వెల్లకిలా తిరుగుతుంది. కొన్ని పక్కకు ఒరిగి ఉంటాయి. ఈ భంగిమలో కొన్ని గంటలు కదలిక లేకుండా గడవవచ్చు. లోపల మాత్రం గుండె వేగం పెరిగి, ఉదరంలోని రక్తశోషరసం శిరోవక్షంలోకి తోసుకువస్తుంది. ఒత్తిడికి పాతకవచం కోరల పైభాగాన, కాళ్ల మొదళ్ల వెంబడి పగిలి, డబ్బా మూతలా లేస్తుంది. ఉదరచర్మం పక్కల చిరుగుతుంది. ఆపై సాలీడు లయబద్ధంగా ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ ఎనిమిది కాళ్లనూ, నోటి పక్కనున్న రెండు స్పర్శాంగాలనూ, కోరలనూ ఒరల్లోంచి కత్తుల్లా లాగుకొంటుంది. పిల్లలకు అరగంట లోపే ముగిసే ఈ పని పెద్దవాటికి కొన్ని గంటలు పడుతుంది.

సాలీడు కాలిలో రెండు ముఖ్యమైన కీళ్లకు ముడిచే కండరాలే ఉన్నాయి, చాచే కండరాలు లేవు. రక్తశోషరసపు ఒత్తిడితోనే కాలు చాచుకొంటుంది. ప్రాణం పోయినప్పుడు ఒత్తిడి పోతుంది, కాళ్లు కిందికి ముడుచుకొంటాయి. వెల్లకిలా పడి కాళ్లు విప్పి ఉన్న సాలీడులో ఒత్తిడి ఉంది, కాబట్టి ప్రాణమూ ఉంది. మొదటి భాగంలో చెప్పిన తేడాకు ఇదే కారణం. కుబుసం మొత్తం ఈ ద్రవపు ఒత్తిడితో నడిచే పని గనుక, ముందు వారాల్లో శరీరంలో తగినంత నీరు ఉండడం ప్రాణావసరం. తినని సాలీడుకు కూడా నీళ్లగిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి అనే సూచన ఇక్కడి నుంచి వచ్చినదే. కుబుసం మొదలైన తర్వాత పెట్టెలో నీళ్లు చిలకరించి తేమ పెంచడం వల్ల శరీరం లోపలి నీటికొరత తీరదు. తాగవలసినది అది ముందే తాగి ఉండాలి.

పెట్టెలో వదిలిన కీచురాయి ఈ దశలో అతి పెద్ద ప్రమాదం. మామూలు రోజున ఆహారమైనది, ఆ రోజున మెత్తని సాలీడును కొరికి తినగలదు. ఉపవాసం మొదలైందన్న అనుమానం రాగానే బతికున్న ఎరను తీసివేయడం ఖర్చులేని జాగ్రత్త. అనుమానం తప్పైతే సాలీడుకు పోయేదేమీ లేదు, దానికి ఆకలిని ఓర్చుకోవడం కొత్త కాదు.

7. కుబుసం తర్వాత:

బయటపడిన సాలీడు కోరలు తెల్లగా ఉంటాయి, ఆపై ఎర్రబడి, చివరికి నల్లబడతాయి. నల్లబడి గట్టిపడేదాకా ఆహారం ఇవ్వకూడదు. చిన్నవాటికి కొద్దిరోజులు, పెద్దవాటికి రెండు వారాల వరకు పట్టవచ్చు. ఈ కాలంలో సాలీడు కాళ్లను పదేపదే చాచి ముడుస్తూ ఉంటుంది. కవచం గట్టిపడేలోగా కీళ్లు బిగుసుకుపోకుండా చేసే కసరత్తు ఇది.

పోయిన కాలు తిరిగి రావడం కూడా కుబుసంతోనే సాధ్యం. కొత్తకాలు మొదట సన్నగా, పొట్టిగా వచ్చి, రెండు మూడు కుబుసాల్లో సరైన కొలతకు చేరుతుంది. కాని కొత్తచర్మం తయారవుతున్న ఆఖరి దశలో కాలు పోతే ఆ కుబుసంలో అది రాదు.

విడిచిన కుబుసాన్ని పారవేయకూడదు. మొదటి జత ఊపిరితిత్తుల మధ్య లోపలివైపు చూస్తే ఆడసాలీడుకు శుక్రగ్రాహిక అనే చిన్న సంచి పూత కనిపిస్తుంది, మగదానికి ఉండదు. ప్రాణిని ముట్టుకోకుండానే లింగనిర్ధారణ చేయగల పద్ధతి ఇది. మగసాలీడు యౌవనానికి చేరే కుబుసమే సాధారణంగా దాని చివరి కుబుసం. అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు టరాంటులాలను పరిశీలించిన విలియం బేర్గ్ అక్కడి మగసాలీళ్లు ఆ దశకు చేరడానికి పదేళ్లకు పైగా పడుతుందని గుర్తించాడు. ఆ తర్వాత వాటికి మిగిలే ఆయుష్షు నెలల్లోనే. ఆడవి యౌవనం తర్వాత కూడా ఏళ్ల తరబడి కుబుసాలు విడుస్తూ జీవిస్తాయి.

8. గుత్తి సాలీడు:

1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలపడిపోలో దొరికిన ఒక నీలి సాలీడును వర్ణించి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. తర్వాత వంద సంవత్సరాలు అది శాస్త్రజ్ఞుల కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య తూర్పుకనుమల అడవిలో మళ్లీ కనిపించింది. గుత్తికి అది కలపతో పాటు రైలులో చేరి ఉంటుందని భావిస్తున్నారు. కేవలం 100 చదరపు కిలోమీటర్ల లోపు విస్తీర్ణంలో, వయసు మళ్లిన చెట్ల తొర్రల్లో జీవించే ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి 2008లో తీవ్ర ప్రమాదస్థితిలో ఉన్న జాతిగా ప్రకటించింది. 2019లో పీసిలోథీరియా ప్రజాతి అంతటినీ సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చారు.

దాని నీలం రంగు వర్ణకం వల్ల వచ్చినది కాదు. రోమాల్లోని అతిసూక్ష్మ నిర్మాణం కాంతిని పరావర్తనం చేయడం వల్ల కలిగేది. టరాంటులాల్లో ఇలాంటి నీలం కనీసం ఎనిమిదిసార్లు స్వతంత్రంగా పరిణమించిందని 2015లో ఒక పరిశోధకబృందం తేల్చింది. అరిగిన రోమాలు వెలిసిపోయి కనిపిస్తాయి, కుబుసం విడిచిన కొద్దిరోజులకు ఆ నీలం మిరుమిట్లు గొలుపుతుంది. దురదరోమాలు లేని ఈ జాతిలో బట్టమచ్చ ఏర్పడదు గనుక, వెలిసిన నీలమే కుబుసానికి ముందస్తు సూచన.

ఐరోపా, అమెరికాల్లో ఈ సాలీడు పెంపుడు ప్రాణిగా విరివిగా పెరుగుతోంది, పిల్లలూ పెడుతోంది. దాని ఉపవాసం, గూటిలోకి ముడుచుకోవడం, రంగు మందగించడం గురించిన దైనందిన పరిశీలనలు చాలావరకు అక్కడి గాజుపెట్టెల ముందు జరిగినవే. పుట్టిన అడవిలో, తొర్ర లోపల ఇవే మార్పులు ఏ ఋతువులో వస్తాయో, వర్షాలతో వాటికి ఎలాంటి పొంతన ఉందో చెప్పగల క్షేత్రపరిశీలనకు తెలుగు విశ్వవిద్యాలయాల జంతుశాస్త్ర శాఖలకన్నా దగ్గరగా ఉన్నవారు లేరు.

ఈ పరిశీలన సంరక్షణకు కూడా అవసరమైనదే. ఆడసాలీడు జతకట్టిన తర్వాత శుక్రకణాలను శుక్రగ్రాహికలో దాచుకొని, నెలల తర్వాత గుడ్లు పెడుతుంది. ఈలోగా కుబుసం విడిస్తే శుక్రగ్రాహిక పూతతో పాటు దాచుకొన్న శుక్రకణాలు కూడా పోతాయి. మళ్లీ జతకట్టాలి. నెలల ఆయుష్షు మాత్రమే ఉన్న మగసాలీడును, రంగు వెలిసి కుబుసానికి సిద్ధమైన ఆడదాని తొర్రలోకి పంపితే ఆ జత వృథా అవుతుంది. అడవిలోనైనా సంరక్షణకేంద్రంలోనైనా మగవి తక్కువగా ఉన్నచోట, ఆడసాలీడు వీపుపై నీలం ఎంత మసకబారిందో ముందుగా చూసి, అవసరమైతే కుబుసం గడిచి కోరలు నల్లబడేదాకా ఆగి, ఆ తర్వాతే జతను కలపవలసి ఉంటుంది.